కమిషనరుగారి కారు మెత్తబడిన వైనం

మునిసిపాలిటీలో ఇంజినీరైన ఏఈ పరాంకుశం చెవులతో విని ఊరుకునే రకమైతే కోరాడ గురువులు ఈపాటికి తన షెడ్డులో, తన రేకుల నీడన, పాత టైరు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఉండేవాడు. ఆ పరాంకుశం విన్నది రాస్తాడు. రాసింది పైకి పంపుతాడు. పైకి వెళ్లింది ఉత్తర్వై కిందికి దిగి ఎవడో ఒకడి నెత్తిన పడుతుంది. ఒకసారి పాపం అటెండరు కిటికీలోంచి చూసి "వాన పడేలా ఉంది సార్" అన్నాడు. నెల తిరిగేసరికి ఆ అటెండరు గొడుగుల కొనుగోలు కమిటీకి సభ్య కార్యదర్శి అయి, మూడు రకాల గొడుగుల తులనాత్మక పట్టిక తయారు చెయ్యలేక సెలవు పెట్టి పోయాడు. అటువంటి మనిషి ముందు నోరు విప్పడం తన తప్పేనని గురువులు ఒప్పుకుంటాడు. తక్కిన తప్పులన్నీ పరాంకుశానివే.

నందివలస పట్టణంలో గడియార స్తంభం మలుపు దగ్గర గురువులుకి మూడు సెంట్ల పట్టా జాగా ఉంది. ఏడో తరగతి సగంలో బడి మానేసి, ముప్పై ఏళ్లు కార్ల కింద వెల్లకిలా పడుకుని సంపాదించిన జాగా. ముందు షెడ్డు, వెనక గది, గదిలో భార్య పోలమ్మ. ఊళ్లో ఏ బండి కింద కుదుపు కాసే కమాను విరిగినా ఆ షెడ్డుకే రావాలి.

కిందటి మార్చిలో పురపాలక సంఘానికి వరద సన్నద్ధత నిధి మిగిలిపోయింది. నెలాఖరులోగా ఖర్చు చెయ్యకపోతే వెనక్కి పోతుంది. నందివలసకి వరద తేగల నది పద్నాలుగు కిలోమీటర్ల దూరాన ఉంది. అందులోనూ ఇసక తప్ప ఏమీ పారదు. అయినా పరాంకుశం వెనకాడలేదు. కమిషనరుగారి కారును వరద నీటిలో సైతం తిరగగల ఎత్తుకు లేపాలని ప్రతిపాదన రాశాడు. మర్నాడే కారు గురువులు షెడ్డుకి వచ్చింది.

"ఎనక కమాన్లలో ఇటు మూడు, అటు మూడు పట్టీలు ఎగస్ట్రా ఎయ్యొచ్చు బాబూ. ముందు స్ప్రింగుల కింద ఇనప బిళ్లలు ఎట్టొచ్చు. ఎత్తు పెరుగుద్ది. కానీ నడుం ఉండదు," అన్నాడు గురువులు.

"ఎవరి నడుము?" అని అడిగాడు పరాంకుశం.

"లోపల కూకున్నోలిది."

"నడుము ప్రతిపాదనలో లేదు," అని పరాంకుశం సంతకం చేశాడు.

అలా ఆ కారు అయిదంగుళాలు లేచింది. రికార్డుల్లో దాని పేరు కూడా మారి 'జలావృత ప్రాంత పర్యవేక్షణ వాహనము' అయింది. కమిషనరు సదాశివబ్రహ్మంగారు స్టూలు వేసుకుని ఎక్కారు. మొదటి వారం ఆయనకి గర్వంగానే ఉంది. రెండో వారం నుంచి కారులో ఆయన మాట్లాడే ప్రతి మాటా మూడు ముక్కలై బయటికి రాసాగింది. దారిలో పెట్టిన సంతకాలు ఆయనవి కావని ట్రెజరీ వాళ్లు బిల్లులు తిప్పి పంపారు. కళ్లజోడుకి తాడు కట్టారు. అదీ చాలక కట్టుడుపళ్లు తీసి జేబులో పెట్టుకుని ప్రయాణం చెయ్యడం మొదలుపెట్టారు. ఇంటి దగ్గర దిగేసరికి ఆయన్ని డ్రైవరూ దఫేదారూ చెరో చెయ్యి పట్టుకుని గోడకి ఆనించేవారు.

దీని మీద విచారణాధికారిగా పరాంకుశాన్నే వేశారు. అతను ఆ కారులో, ఒడిలో నీళ్ల చెంబు పెట్టుకుని ఊరంతా తిరిగి, ఎక్కడ ఎంత నీరు ఒలికిందో లెక్కగట్టి నివేదిక ఇచ్చాడు. "గడియార స్తంభము మలుపు వద్ద ఒలుకుదల అత్యధికముగా నమోదైనది. కావున కుదుపునకు కారణము మలుపు. మలుపునకు కారణము షెడ్డు. షెడ్డు తొలగించుటకు సిఫారసు చేయడమైనది."

ఆ సాయంత్రమే గురువులు గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ గుర్తు పడింది.

"ఏటిది? ఆ ఇంజినీరు మన గోడకి ఈ బొట్టెట్టి పోనాడేటి?" అంది పోలమ్మ.

"బొట్టు కాదే. షెడ్డు కొట్టెత్తామని గుర్తు."

"కారు ఎత్తింది నువ్వే కదా. ఎల్లి దించీయి. అప్పుడు గోడ జోలికి ఎందుకొత్తారు?"

గురువులుకి అది న్యాయంగానే తోచింది. మర్నాడు చేతులు సబ్బుతో కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని కమిషనరుగారి గదికి వెళ్లాడు. సదాశివబ్రహ్మంగారు నడుముకి వేడినీళ్ల సంచీ పెట్టుకుని ఫైళ్లు చూస్తున్నారు. పక్కన పరాంకుశం నిలబడి ఉన్నాడు, చేతిలో నోటుపుస్తకం.

"బాబూ, పూట పని," అన్నాడు గురువులు. "నానేసిన పట్టీలు నానే తీసెత్తాను. మిగిలినోటికి గ్రీజెట్టి, రబ్బరు బుష్షులు మార్చి, బిళ్లలు ఊడదీసి ఇచ్చెత్తాను. పైసా వొద్దు. నా గోడ మీద గుర్తు చెరిపీమనండి, సాలు."

కమిషనరుగారి మొహం వెలిగింది. "పూటలో అయిపోతుందా?"

"అన్నం యేళకి మీ కారు మీకు."

పరాంకుశం దగ్గాడు. "సార్, తొలగించుట అనునది ప్రమాదకరమైన పదము. సదరు పట్టీలు వరద సహాయక ఆస్తిగా నమోదైనవి. వాటిని తొలగించవలెనన్న, ఇకపై నందివలసకు వరద రాదని సమర్థుడైన అధికారి ధ్రువీకరించవలెను."

"ఎవరు ధ్రువీకరిస్తారయ్యా?"

"ఎవరూ ధ్రువీకరించరు సార్. ధ్రువీకరించిన పిదప వరద వచ్చినచో, దానిని ఎవరి జీతములో కోయవలెనన్న ప్రశ్న ఉత్పన్నమగును."

కమిషనరుగారి మొహం ఆరిపోయింది. సంచీ సర్దుకుంటూ, "పోనీ, ఏదీ తియ్యకుండా మెత్తబడే మార్గం లేదా గురువులూ?" అని జాలిగా అడిగారు.

గురువులు నోరు జారింది ఇక్కడే.

"కమానన్నాక బరువుంటే దిగుద్ది బాబూ. ఖాళీ బండి ఎగురుద్ది. ఎనక నాలుగు బియ్యం బస్తాలేసుకుని ఎల్లండి, ఊయల్లాగ ఉంటాది," అన్నాడు, నవ్వుతూ.

పరాంకుశం రాసుకున్నాడు.

కమిషనరుగారు మంచివారే. కారు మెత్తబడేవరకూ షెడ్డు జోలికి పోవద్దని అప్పటికప్పుడు ఉత్తర్వు ఇచ్చారు. మెత్తబడితే గుర్తు చెరిపేస్తామని కూడా అన్నారు. గురువులు దణ్ణం పెట్టి ఇంటికి పోయి, నాలుగు బస్తాల బియ్యం అరువు తేవడం ఎలాగా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు.

బస్తాలు కుదరవని వారం తిరక్కుండానే తేలింది. బియ్యం సరుకు, సరుకు ఎక్కితే అది సరుకుల వాహనం అవుతుంది, సరుకుల వాహనంలో కమిషనరు కూర్చోకూడదు. ఇసక మూటలు పెడదామంటే ఇసకకి పర్మిట్టు కావాలి. మనుషులకి పర్మిట్టు అక్కర్లేదు. అంచేత ఒప్పంద ప్రాతిపదికన నలుగురు 'భార సహాయకుల' నియామకానికి ప్రకటన వెలువడింది. "అభ్యర్థి వంద కిలోలకు తగ్గరాదు. నిశ్చలముగా కూర్చుండు స్వభావము కలిగియుండవలెను. భార రంగమున పూర్వానుభవము కలవారికి ప్రాధాన్యము."

ఎంపిక పాత రైసుమిల్లు ఆవరణలో, బస్తాలు తూచే కాటా మీద జరిగింది. గురువులుని సాంకేతిక నిపుణుడిగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతని జీవితంలో ఆఫీసువాళ్లు వేసిన మొదటి కుర్చీ అదే. మూడు జిల్లాల నుంచి మనుషులు వచ్చారు. ఉద్యోగం కోసం జనం పరిగెత్తడం గురువులు చూశాడు గానీ, ఇక్కడ పరిగెత్తిన వాణ్ని అనర్హుడని పంపేస్తున్నారు. గేటు పక్కన పూరీల బండి పెట్టినవాడు ఆ రెండు రోజుల్లో కొత్త మోటారు సైకిలు కొన్నాడు. ఒకడు కాటా ఎక్కేముందు బిందెడు నీళ్లు తాగొచ్చి, ముల్లు స్థిరపడకుండానే పరిగెత్తుకుని దొడ్డివైపు పోయాడు. ఇంకొకడి లాగు జేబుల్లో తూకం రాళ్లు దొరికాయి. తొంభై తొమ్మిది కిలోల అభ్యర్థి ఒకడు బోరున ఏడుస్తూ, "ఒక్క గంట టైమివ్వండి బాబూ, తినొచ్చెత్తాను!" అని పరాంకుశం కాళ్లు పట్టుకున్నాడు.

మొదటి ర్యాంకు లగుడు సన్నిబాబుకి వచ్చింది. నూట ఇరవై నాలుగు కిలోలు. ఆ లావు చూసి ఎవరూ పిల్లనివ్వక, పనివ్వక, ముప్పై ఏళ్లు వచ్చినా అమ్మ చేతి అన్నం తింటూ కూర్చున్న మనిషి. ఇంటర్వ్యూలో పరాంకుశం అతన్ని అడిగాడు: "కారు గుంతలో పడినప్పుడు మీరేమి చేయుదురు?"

"ఏటీ సెయ్యనండి."

"స్పీడు బ్రేకరు వచ్చినప్పుడు?"

"అప్పుడూ ఏటీ సెయ్యనండి."

కమిటీ ముగ్ధమైంది.

ఒప్పుకోవాల్సిందేమిటంటే, కారు మెత్తబడింది. నలుగురూ వెనక, జీపులోలా పక్క గోడల వెంబడి ఉన్న బల్ల సీట్లలో ఇటిద్దరు అటిద్దరు ఎదురెదురుగా కూర్చోగానే కమాన్లు నిట్టూర్చి అయిదంగుళాలు దిగాయి. గురువులు కింద దూరి చూసుకున్నాడు. తను ఎక్కించిన ఎత్తు సరిగ్గా దిగింది. కమిషనరుగారు ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లేలోపల కునుకు తీశారు. జేబులోంచి పళ్లు తీసి నోట్లో పెట్టుకుని, "పరాంకుశం, ఇది విప్లవమయ్యా!" అన్నారు. పక్క మునిసిపాలిటీల వాళ్లు బస్సులేసుకుని వచ్చి చూసి, రాసుకుని పోయారు.

గురువులు గోడ మీద గుర్తు సంగతి అడిగాడు. చెరపడానికి సున్నం ఇండెంటు పెట్టామన్నారు.

ఈలోగా సేవా నిబంధనలు వచ్చాయి. భార సహాయకుడి బరువు ప్రభుత్వ ఆస్తి. తగ్గినచో అది ఆస్తి నష్టం. ప్రతి సోమవారం తూకం. ఉపవాసానికి ముందస్తు అనుమతి. పెళ్లిళ్లకి వెళ్లొచ్చు గానీ ఊరేగింపులో గంతులు వెయ్యరాదు. విరేచనాలు పట్టుకుంటే డాక్టరు సర్టిఫికెట్టుతో పాటు, తగ్గిన కిలోల పునరుద్ధరణకు వారం గడువు.

ఒకనాడు సన్నిబాబు షెడ్డుకి వచ్చి పాత టైరు మీద కూర్చున్నాడు. టైరు చదునైంది.

"మావా, నా పని ఐపోనాది."

"ఏటైందిరా? పెళ్లి కుదిరిందన్నారు కదా."

"కుదిరింది. ఉద్యోగం చూసి ఇత్తన్నారు. డాకటరేమో సుగరుందన్నాడు. ముప్పై కిలోలు తగ్గకపోతే కాలు తీసెత్తామన్నాడు. ఆ సంగతి ఏఈ గారికి సెప్పుకున్నాను."

"ఓరి నీ తెలివి తెల్లారా! ఆయనకి సెప్పావా? ఏటన్నాడు?"

"కాలు బరువెంతో అడిగి రాసుకున్నాడు మావా. మెమో ఇచ్చినాడు. తగ్గాలనుకోవడం దురుద్దేశవంట."

గురువులు మెమో చదివాడు. కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. నవ్వాలో ఏడవాలో తెలియక పోలమ్మని పిలిచి టీ పెట్టమన్నాడు.

"పంచదార ఎయ్యాలా?" అని లోపలి నుంచి అడిగిందామె.

"రూల్సు పెకారం ఎయ్యాలి. డాకటరు పెకారం ఎయ్యకూడదు," అన్నాడు సన్నిబాబు దీనంగా.

అప్పుడు ఆడిట్ వచ్చింది. ఆడిటరు సన్నగా, మొలకు టేపు దోపుకుని ఉన్న మనిషి. కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొలిచాడు. నలుగురు సహాయకులూ లోపలే ఉన్నారు, డ్యూటీ టైము కదా.

"గత మార్చిలో ఈ ఆస్తి ఎత్తు అయిదంగుళములు పెరిగినట్లు బిల్లు ఉన్నది. ప్రస్తుతము పెరిగినట్లు కనబడుట లేదు. అయిదంగుళముల ప్రభుత్వ ఎత్తు ఎచటికి పోయినది?"

గురువులే అన్నాడు: "ఎక్కడికీ పోలేదు బాబూ. ఆలని దిగమనండి, వచ్చెత్తాది."

నలుగురూ దిగారు. కారు ఒళ్లు విరుచుకుని లేచింది. ఆడిటరు కొలిచాడు. మళ్లీ ఎక్కమన్నాడు. కొలిచాడు. నాలుగుసార్లు ఎక్కించి దింపాడు. అయిదోసారికి సన్నిబాబు ఆయాసపడుతూ, "ఇలగైతే బరువు తగ్గిపోతాను సార్, తరవాత నన్నంటారు," అన్నాడు.

"సిబ్బంది విధులలో లేనప్పుడు మాత్రమే వరదను ఎదుర్కొనగలిగిన వాహనము నిష్ప్రయోజకము. సిబ్బంది విధులలో ఉండగానే ఎత్తు ఉండవలెను," అని ఆడిటరు అభ్యంతరం రాశాడు.

గురువులు చేతులు జోడించాడు. "బాబూ, మొదలు పట్టీలు తీసీయండి. ఈల్ని దింపీయండి. పూట పని. ఇప్పుడన్నా ఇనండి."

వినలేదు. పరాంకుశం ఒక్కో కమానుకి మరో నాలుగు పట్టీలు కలపమన్నాడు. కలపనంటే గోడ మీద గుర్తు ఉండనే ఉంది. గురువులు పళ్లు బిగించి కలిపాడు. నలుగురూ ఎక్కినా ఎత్తు నిలిచింది. ఆడిటరు సంతోషించి వెళ్లిపోయాడు. మర్నాడు కారు గేటు దాటేసరికి కమిషనరుగారి పళ్లు మళ్లీ జేబులోకి పోయాయి. నలుగురు భార సహాయకులూ రైసుమిల్లు జల్లెడలో శనగల్లా ఎగిరారు.

"సాంకేతికముగా పరిష్కారము ముందే నిరూపితమైనది సార్," అన్నాడు పరాంకుశం. "భారము పెంచవలెను."

ఎనమండుగురయ్యారు. వాళ్లు పట్టడానికి డ్రైవరు పక్క సీటు తీసేసి వెనక బల్లలు ముందుకి పొడిగించారు. ఎనమండుగురూ డ్రైవరూ ఎక్కాక కారు తలుపులు ముగ్గురు బయట నుంచి నెడితే తప్ప పడలేదు. అప్పుడు చూసుకుంటే కమిషనరుగారికి చోటు లేదు.

ఆ రోజు ఆఫీసు మెట్ల మీద నిలబడి అందరూ కారు వంకా ఆయన వంకా చూశారు. చివరికి సదాశివబ్రహ్మంగారే గొంతు సవరించుకున్నారు. "నేను ఉన్నానా లేనా అన్నది ముఖ్యం కాదు. కమిషనరు కారు మెత్తగా వెళ్లడం ముఖ్యం. వ్యక్తులు వస్తారు, పోతారు. వాహనం సంస్థది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పరాంకుశం స్కూటరు వెనక ఎక్కారు. అప్పటి నుంచి ముందు కారు, వెనక స్కూటరు. సాయంత్రం సీనియర్ భార సహాయకుడు సన్నిబాబు ప్రయాణ నివేదిక రాసి ఇచ్చేవాడు: "నేటి ప్రయాణము మెత్తన. కునుకు పది నిమిషములు. కల ఒకటి." కమిషనరుగారు స్కూటరు దిగి, నడుము పట్టుకుని, అది చదివి తృప్తిగా సంతకం పెట్టేవారు. మునిసిపల్ సెక్రటరీ కూడా చూసి, "మెత్తదనం గత నెల కంటే మెరుగు," అని ఆకుపచ్చ ఇంకుతో రాసేవాడు.

చిక్కల్లా గడియార స్తంభం మలుపులో వచ్చింది. అంత ఎత్తు బండి, అంత బరువుతో మలుపు తిరిగితే ఒరుగుతుంది. మొదటి రోజు ఒరిగి, ఎనమండుగురూ ఒకవైపు జారి, కారు గురువులు గోడకి భుజం ఆనించి ఆగింది. పోలమ్మ బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! బండి మనింట్లోకి వచ్చెత్తంది!"

"అత్తా, కూసింత గోడ అటు జరపండి," అన్నాడు సన్నిబాబు అడుగు నుంచి. అతని మీద ముగ్గురు ఉన్నారు.

పరాంకుశం ఈల కొన్నాడు. కారు మలుపు దగ్గరికి రాగానే స్కూటరు మీంచి తను ఈల ఊది "ఎడమకు!" అంటే అందరూ ఎడమకు వాలాలి, అప్పుడు ఒరుగుదల సరితూగుతుంది. మూడు రోజులు ఆఫీసు వరండాలో బల్లల మీద వరసగా కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చాడు. వరండాలో అందరూ ఒకే వైపు మొహం పెట్టి కూర్చున్నారు. కారులో మాత్రం నలుగురికి నలుగురు ఎదురెదురుగా ఉంటారన్న సంగతి గురువులుకి తోచింది. చెబుదామనుకున్నాడు. చెబితే పరాంకుశం రాసుకుంటాడని భయపడి ఊరుకున్నాడు.

నాలుగో రోజు ఈల మోగింది. "ఎడమకు!"

ఒక వరస వాళ్ల ఎడమ డ్రైవరు వైపు. రెండో వరస వాళ్ల ఎడమ డిక్కీ వైపు. నలుగురు ముందుకీ, నలుగురు వెనక్కీ ఒక్క ఊపున పడ్డారు. డిక్కీ తలుపు ఊడింది. డ్రైవరు స్టీరింగు మీదికి ఒరిగాడు. జలావృత ప్రాంత పర్యవేక్షణ వాహనము గోడని తోసుకుని షెడ్డులోకి వచ్చి, గురువులు జాకీ మీద లేపి ఉంచిన అంబులెన్సు పక్కన బుద్ధిగా నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సన్నిబాబు కళ్లు తెరిచి చుట్టూ చూసి, "మావా, కాసిన్ని మంచినీళ్లు," అన్నాడు.

విచారణాధికారి పరాంకుశమే. నివేదిక రెండు వాక్యాలు. "భార సహాయకులు ఆదేశమును తు.చ. తప్పక పాటించిరి. మలుపు పాటించలేదు."

మలుపు సరిచెయ్యడానికి యంత్రం వచ్చిన రోజు కమిషనరుగారు స్వయంగా వచ్చారు. కారు ముందు, స్కూటరు వెనక. గురువులు సామాను బయటపెడుతున్నాడు. ఎనమండుగురు సహాయకులూ సాయం పట్టబోయారు గానీ, శ్రమ చేస్తే బరువు తగ్గుతుందని పరాంకుశం వారించి మళ్లీ కారెక్కించాడు. సన్నిబాబు మాత్రం వినకుండా ఇంజను దించే గొలుసు ఒక్కడే మోసుకొచ్చి రోడ్డు పక్కన పెట్టాడు. కళ్లలో నీళ్లు. "మెమో ఇమ్మను మావా, ఇచ్చుకోమను," అన్నాడు.

"బాబూ, ఆకరిసారి సెప్తన్నాను," అన్నాడు గురువులు. "జాగా అక్కర్లేదు మీకు. పూట పని. యంత్రాన్ని పక్కనెట్టించండి, మద్దేనానికి కారు ఇచ్చెత్తాను. మీరు అందులో కూకుని ఎల్లండి."

సదాశివబ్రహ్మంగారు కారు వంక చూశారు. అద్దాల వెనక ఏడుగురు నిద్రపోతున్నారు. ఆయన కళ్లలో ఒక్క క్షణం ఆశలాంటిది కదిలింది. తరవాత పరాంకుశం నోటుపుస్తకం వంక చూశారు.

"నువ్వు చెప్పేది సబబే గురువులూ. కానీ ఇప్పుడు ఎనిమిది కుటుంబాలు ఆ కమాన్ల మీద బతుకుతున్నాయి."

పోలమ్మ గట్టిగా నవ్వింది. "మరి మాది ఏ కమాను మీద బతకాలి బాబూ?"

దానికి పరాంకుశం దగ్గర జవాబు ఉంది. నిర్వాసితులకి ఉద్యోగంలో ప్రాధాన్యమని నిబంధన. తొమ్మిదో భార సహాయకుడి పోస్టు ఖాళీగా ఉంది. అక్కడికక్కడే రైసుమిల్లు కాటా తెప్పించి, గడియార స్తంభం కింద పెట్టి, గురువులుని ఎక్కమన్నాడు. గురువులు ఎక్కలేదు. పోలమ్మ ఎక్కమంది. ఎక్కాడు. యాభై మూడు కిలోలు. వందకి నలభై ఏడు తక్కువని పరాంకుశం రాసుకుని, "విచారించుచున్నాము," అన్నాడు.

సాయంత్రానికి మలుపు పోయి దారి తిన్నగా అయింది. కారు దాని మీదుగా ఊయలలా వెళ్లింది. వెనకే స్కూటరు ఎగురుకుంటూ పోయింది. పరాంకుశం టేపు పట్టి కొలిచి కాగితం మీద వేసిన లెక్క ప్రకారం, కోరాడ గురువులుకి గడియార స్తంభం దగ్గర ఉన్న మూడు సెంట్లలో పోయింది రెండు సెంట్ల పద్నాలుగు గజాలు.